నమూనాల అరకు ఎంత చోటు

కొత్తవాడ, వరంగల్లు
14-8-1988

చిరంజీవి సౌభాగ్యవతి చంద్రకళకు నాయిన దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ వేళకు తిని తిరుగుతున్నాం. ఆ పుణె వానల్లో నువ్వు, అల్లుడు, పాప జలుబు దగ్గు లేకుండా ఉన్నారని అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం నా చేత్తో నేనే రాస్తున్నాను. ఎప్పుడూ నేను చెబితే మా నేతగాళ్ళ సంఘం గుమస్తా సారంగపాణి రాసేవాడు, కింద నేను సంతకం పెట్టేవాణ్ణి. ఈసారి అతనితో రాయించకూడదు. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. సంఘంలో పెట్టిన వయోజన బడిలో నేర్చిన అక్షరాలు ఇవి. వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. మొదలుపెట్టి మూడు రోజులైంది. నవ్వకుండా చదువు.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. మీ అమ్మ మోకాలికి దవాఖానలో సూది వేశారు. మెట్లు ఎక్కొద్దన్నారు. మన ఇంట్లో మెట్లే లేవు గనుక ఆ ఒక్క మాట మాత్రం తప్పకుండా పాటిస్తోంది. పాపకు పరచడానికి చిన్న జంపఖానా నేశాను, నీలం తెలుపు పట్టీలు. ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

రెండోది, కట్టయ్య మామ సంగతి. జూన్‌లో పక్షవాతం వచ్చిందని తెలుసు కదా. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు పోయాయి. ఎడమ చెయ్యి ఆడుతుంది. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పలేడు. పెద్ద దవాఖానలో నెల ఉంచి ఇంటికి పంపారు. ఇంకొకసారి వస్తే మనిషి దక్కడని భార్య పోశవ్వకు చెప్పి పంపారట.

మూడోది, పోయిన నమూనాలు మిషన్‌లో దొరికాయా అన్న ప్రశ్న. ఒక్క మాటలో జవాబు. దొరకలేదు. కట్టయ్య చెప్పిన నూట నలభై మూడు జంపఖానా నమూనాల్లో మొదటి తొంభై సంఘం కంప్యూటర్ మిషన్‌లో లేవు. చివరి యాభై మూడే ఉన్నాయి. "రెండు డిస్కులు ఒకే రోజు చెడిపోవు నాయినా, నా ప్లానులో తప్పెక్కడుందో తెలియక అన్నం సయించడం లేదు" అని రాశావు. అన్నం తిను. డిస్కులు చెడిపోలేదు. నీ ప్లానులో తప్పు లేదు. ఈ మాట ముందు రాసి మిగతాది మెల్లగా రాస్తాను. మెల్లగా తప్ప నాకు రాయడం కూడా రాదు.

కిందటి ఏడు సర్కారు స్కీము కింద సంఘానికి ఆ యునిక్స్ మిషన్ ఇస్తామన్నప్పుడు, అటువంటి మిషన్ల కంపెనీలోనే పనిచేసే నువ్వు పంపిన ప్లాను కాగితం ఇంకా నా పెట్టెలో ఉంది. మిషన్ రాసిందంతా దాచుకునే డిస్కు ఇది అని పొడుగు డబ్బా గీసి ఐదు అరలు చేశావు. మొదటి అర మిషన్ తన కోసం. రెండోది, పని నడుస్తుంటే సామాను పక్కన పెట్టుకోవడానికి. మూడోది సభ్యుల పేర్లు, నూలు వివరాలు. నాలుగోది నమూనాలు. ఐదోది రోజూ వచ్చిపోయే చిల్లర కాగితాలు. అరల మధ్య గోడ ఒకసారి గీశాక జరగదన్నావు. ఒక అర నిండిపోతే పక్క అరలో ఖాళీ ఉన్నా వాడుకోనివ్వదు, గోడ జరపాలంటే డిస్కు అంతా ఖాళీ చేసి మళ్ళీ గీయాలి, అందుకని కట్టయ్య మామను అడిగి నమూనాల లెక్క సరిగ్గా పంపమన్నావు. నాకు బాగా అర్థమైంది. పది గజాల పడుగు ఎక్కించాక పదకొండో గజం నేయమంటే మగ్గం ఎక్కడి నుంచి తెస్తుంది.

ఆ కింద అటువంటి డబ్బానే ఇంకొకటి గీశావు. మొదటి డిస్కులో రాసిన ప్రతి ముక్కా అదే క్షణంలో రెండో డిస్కులో కూడా పడుతుంది, ఒకటి పాడైనా రెండోది నడుస్తుంది అని రాశావు. సంఘం మీటింగులో దాన్ని నేనే అందరికీ విప్పి చెప్పాను. జంపఖానాకు రెండు మొహాలుంటాయి, పైన ఏ బొమ్మ ఉంటే కింద అదే బొమ్మ, ఒక మొహం మాసిపోతే తిరగేసి పరుచుకుంటాం, ఈ మిషన్ కూడా అంతే అన్నాను. ప్రెసిడెంటు కిషన్ రావు బల్ల చరిచాడు. కంపెనీ ఇంజనీరు కూడా ఇంత తేటగా చెప్పలేదన్నాడు. వారం దాకా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

కాగితం చివర టేపుల సంగతి రాశావు. మూడు కొనాలి, ప్రతి శనివారం మిషన్‌లోదంతా ఒక టేపు మీదికి దింపాలి, మూడింటినీ వంతులవారీగా వాడాలి, ఒకటి ఎవరింట్లోనైనా దాచాలి. మీటింగులో అది చదివినప్పుడు ఒక్క టేపు చాలన్నాను. రెండు మొహాలున్నదానికి ఇంకా మూడు టేపులేమిటి అన్నాను. ఒక్కటే కొన్నారు. ప్రతి శనివారం దాని మీదే మళ్ళీ మళ్ళీ రాశారు.

మేడారం జాతర నుంచి వచ్చాక కట్టయ్య చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి ఒక్క అక్షరం రాదు, ఒక్క నమూనా కాగితం మీద లేదు, అన్నీ తలలోనే. కుర్చీ ఇస్తే వద్దని మిషన్ పక్కన నేల మీద కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని, పంజా దువ్వెన పట్టి అడ్డం పోగు పేకను కొడుతున్నట్టు చెయ్యి ఆడిస్తూ, ఎర్ర ఆరు, తెల్ల రెండు, నల్ల ఒకటి, తిరుగు అని పోగుల లెక్క చెబుతుంటే సారంగపాణి మీటలు నొక్కేవాడు. ఒక నమూనాకు ఒక పూట. పేర్లు విని సంఘం వాళ్ళు పని మానుకుని వచ్చి నిలబడేవాళ్ళు. పావురాల బాట, చేప ముల్లు, మెట్ల బావి, చింతాకు అంచు. వంకర గీతల నమూనా ఒకటి వచ్చినప్పుడు సారంగపాణి చెయ్యి ఆగింది.

"మామా, ఎద్దు ఉచ్చ అని సర్కారు మిషన్ల రాయొచ్చునా?"

"ఎద్దు నడుసుకుంట పోస్తది, గీత వంకర పడ్తది. పేరు అదే. నువ్వు సిగ్గుపడ్తె గీత సక్కగైతదా? రాయి."

ఆ రోజు నేనూ నవ్వాను. వాడి ముందు నేను నవ్వడం తక్కువ, నీకు తెలుసు. ఒకే గురువు దగ్గర, ఒకే షెడ్డులో పని నేర్చుకున్నాం. గురువు నాకు బిగువు నేర్పాడు, వాడికి బొమ్మ నేర్పాడు. నేను నేసిన జంపఖానా నీళ్ళు పోస్తే కారదు. అయినా కొనేవాడు వాడిదే ముందు తిరగేసి చూసేవాడు.

మే చివరికి అన్నీ అయిపోయాయని కట్టయ్య చేతులు దులుపుకున్నాడు. జూన్‌లో పడిపోయాడు. జూలైలో ఒక పెద్ద షాపు వాళ్ళకు పావురాల బాట కావాలంటే సారంగపాణి మిషన్‌లో తెరిచాడు. లేదు. మొదటి తొంభైలో ఒక్కటీ లేదు. హైదరాబాదు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చి సగం రోజు చూశాడు. రెండో డిస్కు పోగుకు పోగు మొదటి దానిలాగే ఉంది, అక్కడ లేనిది ఇక్కడ లేదు అన్నాడు. టేపు పెట్టి చూశారు. టేపులోనూ లేవు.

సంఘం వాళ్ళు సారంగపాణిని నిలబెట్టి అడిగారు. తుడిచింది నేనే అన్నాడు. ఇంకొక్క మాట అనలేదు. ముగ్గురు పిల్లల తండ్రిని, తొమ్మిదేళ్ళ నుంచి పనిచేస్తున్నవాణ్ణి, విచారణ తేలేదాకా రావద్దని ఇంటికి పంపారు.

నేసినవి వెతికితే దొరకవా అని నువ్వు అడుగుతావు. వెతికాం. కట్టయ్య నేసినవి ఎన్ని ఇళ్ళకు పోయాయో లెక్క లేదు. తొర్రూరులో పత్తి వ్యాపారి ఇంట్లో చేప ముల్లు దొరికింది, అంచు ఎలుకలు కొరికాయి. పాలంపేట దగ్గర ఒక రైతు మెట్ల బావిని వడ్ల కుప్ప మీద కప్పాడు. అతను తియ్యనంటే కళ్ళంలోనే కూర్చుని ఎండలో పోగులు లెక్కపెట్టాం. మొత్తం తిరిగితే నాలుగు. తొంభైలో నాలుగు. మిగిలినవి ఎక్కడో చిరిగి మసిగుడ్డలై ఉంటాయి.

ఇంతవరకు అందరికీ తెలిసిందే రాశాను. చుట్టు తిప్పి మాట్లాడే మనిషిని కానని ఊరంతా అంటుంది, ఈసారి చాలా తిప్పాను. ఇక రాస్తాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను మగ్గం మీద ఉండగా సారంగపాణి మన ఇంటికి వచ్చాడు. నమూనాల అర తొంభైతో నిండిందని, ఇక చోటు లేదని మిషన్ రాసిందని చెప్పాడు. చంద్రకళ చెల్లెకు రాసి అడుగుదామన్నాడు. వాడి వెనకే కట్టయ్య వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"నర్సింగా, నీ బిడ్డ కట్టిన అటుక గింతేనా? నా సామాను పట్టకపాయె. కంపెనీల గిదేనా నేర్పింది?"

వాడు ఆటకు అన్నాడు. ఆటకు అన్నాడని నాకూ తెలుసు. కానీ నా నెత్తురు ఉడికింది. వాణ్ణి ఇంటికి పొమ్మని, సారంగపాణిని వెంటబెట్టుకుని సంఘానికి పోయాను. చెప్పులు విప్పి ఆ చల్లటి గదిలోకి పోయాను. ఒక డిస్కులో ఉన్న తొంభైని తుడిచెయ్యమన్నాను. రెండో డిస్కులో ఎలాగూ ఉంటాయి, ఖాళీ అయిన చోట మిగిలినవి రాసుకో అన్నాను.

"నాకు అంత తెల్వది పెద్దనాయినా. చెల్లెను అడిగినంక చేద్దాం."

"దాని నాయినను నేను. నేను చెప్తున్న. తుడువు."

తుడిచాడు. ఆ డబ్బాకు రెండు పచ్చ లైట్లుంటాయని, రెండు డిస్కులూ పనిచేస్తుంటే రెండూ కలిసి వెలుగుతాయని నువ్వే రాశావు. ఆ రోజు కూడా రెండూ కలిసే వెలిగాయి. నా రెండు కళ్ళతో చూశాను. తుడవమన్నది ఒకదాన్ని, రెండోది ఎందుకు వెలిగిందని అడగలేదు. అంతా సవ్యంగా నడుస్తోందని సంతోషపడ్డాను. ఆ శనివారం ఉన్న ఒక్క టేపు మీద కూడా, తొంభై లేని మిషన్‌నే మళ్ళీ దింపారు.

అరవై ఏళ్ళు మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి బిడ్డా. జంపఖానాకు మొహాలు రెండైనా నూలు ఒక్కటే. కత్తెర పెడితే రెండు మొహాలూ తెగుతాయి. ఇది నాకు ఇంకొకడు చెప్పాలా? ఆ పోలిక మీటింగులో చెప్పిందే నేను.

ఇంకొకటి ఉంది. ఈ మూడు రోజులు పట్టింది దాని వల్లే. నమూనాల లెక్క కట్టయ్యను అడిగి రాయమన్నావు. నేను అడగలేదు. మీ అమ్మ రెండుసార్లు గుర్తు చేసింది, అయినా పోలేదు. నాకు వచ్చిన నమూనాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, అరవై వచ్చాయి. నాకు అరవై వస్తే వాడికి అంతకంటే ఏం వస్తాయి అనుకున్నాను. కాదు, ఇది కూడా అబద్ధమే. ఎక్కువ వస్తాయని తెలుసు. వాడికి నాకంటే ఎక్కువ వస్తాయని నా బిడ్డకు రాయించడానికి నోరు రాలేదు. అరవై అన్నాను. నువ్వు జాగ్రత్త గల మనిషివి, దానికి సగం కలిపి తొంభైకి చోటు పెట్టావు. నీ గోడ సరిగ్గానే ఉంది. నేను ఇచ్చిన కొలత తప్పు. సారంగపాణిని నీకు ఉత్తరం రాయనివ్వనిది కూడా అందుకే. రాస్తే ఆ అరవై కట్టయ్య మామ అన్నదేనా అని నువ్వు అడుగుతావు.

సారంగపాణి నా పేరు చెప్పకుండా ఇంట్లో కూర్చున్నాడు. మీ అమ్మకు చెప్పాను. మీ అమ్మ ఏడుస్తుందనుకున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"నాకు చెప్తె ఏమొస్తది? మొన్న ఏ బల్ల కాడ మీసం తిప్పినవో, ఆ బల్ల కాడ నిలబడి చెప్పు పో."

పోయిన సోమవారం మీటింగులో నిలబడి చెప్పాను. తుడవమన్నది నేను, ఒక్క టేపు చాలన్నది నేను, సారంగపాణి వద్దన్నాడు అని చెప్పాను. నా గొంతు సన్నగా ఉండదు, అందరికీ వినబడింది.  కిషన్ రావు నవ్వి లేచి నా భుజం పట్టుకున్నాడు.

"నర్సింగం కాకా, మిషన్‌కు స్విచ్చి ఏడుంటదో తెల్వనోనివి. నువ్వు చెప్తె గుమస్తా తుడిచిండా? పిల్లలుగల్లోడని కాపాడుతానవు. నీ మనసు మంచిది, కూసో."

అందరూ అవునన్నారు. ఎవరో నాకు చాయ్ తెచ్చి ఇచ్చారు. పుట్టి డెబ్బై రెండేళ్ళకు ఒక తప్పు ఒప్పుకుంటే మంచితనం అని కూర్చోబెట్టారు. నా మాట ఈ గల్లీలో చెల్లకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. గట్టిగా అరిస్తే ఇంకా మంచివాడినైపోయేటట్టు ఉన్నాను. చాయ్ తాగి వచ్చేశాను. 

అక్కడి నుంచి కట్టయ్య ఇంటికి పోయాను. వాడు దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి రోజూ పోతున్నాను. నన్ను చూడగానే కనుబొమ ఎత్తుతాడు. నమూనాలు భద్రమేనా అని. భద్రమే అని చెబుతూ వచ్చాను. ఆ రోజు పోశవ్వ గంజి తాగిస్తోంది. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, అరవై సంగతి కూడా. వాడు నా మొహం చూస్తూనే ఉన్నాడు. ఎడమ చేత్తో కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. కళ్ళు మూసుకున్నాడు.

నేను లేచి పోలేదు. పావురాల బాట లెక్క నాకు గుర్తున్నంత చెప్పడం మొదలుపెట్టాను. ఎర్ర ఆరు, తెల్ల రెండు, నల్ల రెండు అన్నాను. మంచం పట్టె మీద దెబ్బ పడింది. నల్ల ఒకటి అన్నాను. దెబ్బ పడలేదు. ముందుకు పోయాను. తప్పితే కొడతాడు, ఒప్పైతే ఊరుకుంటాడు.

పోశవ్వ గంజి గిన్నె పట్టుకుని చూస్తూ నిలబడింది. "నోరున్నన్ని దినాలు కొట్లాడుకున్నరు. ఇప్పుడు నోరు పోయినంక లెక్కలు చెప్పుకుంటున్నరు" అంది.

ఆ ఒక్క నమూనాకు ఆరు రోజులు పట్టింది. పది వరసలు కాగానే వాడికి చెమటలు పడతాయి, ఆపేయాలి. నేను కాగితం మీద అంకెలు వేసేసరికి తర్వాతి వరస మరిచిపోతాను. సారంగపాణి ఉంటే చకచకా రాసేవాడు. పైగా ఆ తొంభైలో నాకు మొదలు తెలిసినవి ముప్పై ఉంటాయేమో. మిగిలిన వాటికి నేను ఏమని మొదలుపెట్టాలి? నేను తప్పు చెబితేనే వాడు దిద్దగలడు. తప్పు చెప్పడానికి కూడా నాకు రాని నమూనాలవి. వాడి తలలో ఉన్నాయి, అక్కడే ఉంటాయి. ఇంకొకసారి పక్షవాతం వస్తే వాడితోనే పోతాయి. వాడు, నేను, ఆరు రోజులకు ఒకటి. లెక్క నువ్వే వేసుకో.

ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. కిషన్ రావుకు నీ కంపెనీ కాగితం మీద ఒక ఉత్తరం రాయి. తుడవమన్నది మా నాయిన, గుమస్తా నన్ను అడుగుదామంటే వద్దన్నది మా నాయిన అని రాయి. లెక్క కూడా తప్పు ఇచ్చాడని రాయి. నా నోటి మాట నమ్మనివాళ్ళు నీ ఇంగ్లీషు కాగితాన్ని నమ్ముతారు. బిడ్డ తండ్రి మీద రాసిందని నలుగురూ అంటారు, అననీ. సారంగపాణి వస్తే కట్టయ్య మంచం దగ్గర కూర్చుంటాడు. రోజులు తగ్గుతాయి.

ఇక నీ చివరి ప్రశ్న. వచ్చే నెల ఇంజనీరును పంపి డిస్కులు ఖాళీ చేసి మళ్ళీ అరలు గీయిస్తానన్నావు. నమూనాల అరకు ఎంత చోటు పెట్టాలో ఈసారైనా సరిగ్గా రాయమన్నావు. నిన్న కట్టయ్యను అడిగాను. నూట నలభై మూడే కదా అన్నాను. పట్టె మీద కొట్టాడు. నాకు అర్థం కాలేదు. నూట నలభై రెండా అన్నాను, కొట్టాడు. నూట నలభై నాలుగు అన్నాను, కొట్టాడు. నలభై అయిదు, ఆరు, ఏడు, కొడుతూనే ఉన్నాడు. పోశవ్వ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నూట యాభై ఆరు అన్నాను. చెయ్యి ఆగింది. మిషన్‌కు, సారంగపాణికి, పోశవ్వకు, ఎవరికీ చెప్పకుండా పదమూడు దాచుకున్నాడు. మే నెలలో అన్నీ అయిపోయాయని చేతులు దులుపుకున్నవాడు.

అవి ఏమిటి అని అడిగాను. అడిగాక గుర్తొచ్చింది, చెప్పలేడు.

మిషన్‌లోవి యాభై మూడు, తిరిగి తెచ్చినవి నాలుగు, పావురాల బాట ఒకటి, మొత్తం యాభై ఎనిమిది ఉన్నాయి. నువ్వు మాత్రం నూట యాభై ఆరుకు చోటు పెట్టు. దానికి నీ అలవాటు ప్రకారం సగం కలుపుతావో కలపవో నీ ఇష్టం. ఖాళీగా ఉంది కదా అని ఇంజనీరు గోడ ఇవతలికి జరుపుతానంటే ఒప్పుకోవద్దు. టేపులు మూడు కొనిపిస్తాను, ఒకటి మీ అమ్మ పెట్టెలో ఉంటుంది.

పాపకు ముద్దులు. అల్లుడికి ఇదంతా చెప్పినా నాకేం సిగ్గు లేదు.

ఇట్లు,
కట్టయ్యను అడిగి రాసిన
నీ నాయిన
నర్సింగం